స్పానిష్‌లో "ఫోన్ చేస్తాను", "ఫోన్ చేశాడు" నా నోట ఒకేలా వస్తున్నాయి. ఎవరైనా దీన్ని దాటారా?

కృష్ణాతీరం
హైదరాబాద్‌లో ఒక కంపెనీలో బిల్లుల విభాగంలో పనిచేస్తున్నాను. మా క్లయింట్లు మెక్సికో వాళ్లు. పద్నాలుగు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. నిన్న కాల్‌లో అవతలి మేడమ్ ఒక సప్లయర్ సంగతి అడిగారు. "ఆయన ఫోన్ చేశాడు, ఇబ్బందేమీ లేదు" అని చెప్పాలనుకున్నాను. నా నోట వచ్చింది మాత్రం "యామొ". అంటే "నేను ఫోన్ చేస్తాను". ఆవిడ సరేనని పెట్టేసి, నా ఫోన్ కోసం వాళ్ల సాయంత్రం దాకా కూర్చున్నారట. పొద్దున లేచేసరికి మెయిల్ వచ్చి ఉంది, ఎందుకు చెయ్యలేదని.

రాసేటప్పుడు తప్పు పోదు. "చేశాడు" అయితే చివరి ఓ మీద గీత పెట్టాలని తెలుసు. నోటికే రావడం లేదు. అంతకన్నా బాధ ఏమిటంటే చెవికి కూడా అందడం లేదు. మా టీచర్ ఆ రెండు మాటలూ పక్కపక్కన పదిసార్లు చెప్పారు, నాకు పదిసార్లూ ఒకటే వినపడింది. ఒక్క మాట అయితే బట్టీ పట్టేవాణ్ణి. క్రియలన్నిటికీ ఇదే గొడవ. తెలుగువాళ్లెవరైనా దాటి ఉంటే ఎలా దాటారో చెప్పండి.

ఓరుగల్లు_రాజు
నాకు "కట్టాడు", "కడతాను" దగ్గర ఇదే అయింది. సప్లయర్‌కి డబ్బు క్లయింటే కట్టాడని చెప్పబోతే, మేమే కడతామని వాళ్లకి అర్థమైంది. రెండు రోజుల టెన్షన్. ఈ థ్రెడ్ నేను వదలను.

మాద్రిద్_లత
మీ ఒక్కరి గొడవ కాదండీ. నేను తొమ్మిదేళ్లుగా మాద్రిద్‌లో ఉంటున్నాను, మొదటి ఏడాదంతా ఇదే అవస్థ. నేను చేసింది ఒకటే. తెలుగు దీర్ఘాల్లో రాసుకున్నాను. ఫోన్ చేస్తాను అంటే "యామొ", చేశాడు అంటే "యమో". మాట్లాడతాను "ఆబ్లొ", మాట్లాడాడు "అబ్లో". దీర్ఘం మన చెవికి పుట్టుకతో తెలుసు కదా, దాన్నే వాడుకున్నాను. వంటింట్లో అలమర తలుపుకి చీటీలు అంటించి, పోపు వేగేలోగా రెండు జతలు పైకి చదివేదాన్ని. అలా ఎక్కింది.

భాషాశోధకి
లత గారి చిట్కాతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగకండి.

తెలుగులో పడింది, పాడింది తేడా మొత్తం కాలంలో ఉంది. ఒకచోట అచ్చు పొట్టి, ఒకచోట పొడుగు. స్పానిష్‌లో అచ్చు పొడుగైతే మాట అర్థం మారదు. అక్కడ అర్థాన్ని మార్చేది ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికన్నా నొక్కి పలకడం. ఊనిక పడిన అక్షరం కొంచెం సాగుతుంది, అది నిజమే. దాంతోపాటు గొంతు పైకో కిందికో కదులుతుంది, కాస్త గట్టిగానూ వస్తుంది. మన చెవి సాగడాన్ని మాత్రమే కొలిచి, మిగతా రెండిటినీ మాట్లాడే మనిషి కోపం కిందో హుషారు కిందో జమ కట్టేస్తుంది. అందుకే కృష్ణాతీరం గారికి పదిసార్లూ ఒకటే వినపడింది.

ఇది చెవి లోపం కాదు. 1997లో ఇమ్మాన్యుయేల్ దుపూ, ఆయన తోటి పరిశోధకులు ఊనిక చోటు మాత్రమే మారే మాటలను ఫ్రెంచి వాళ్లకీ స్పానిష్ వాళ్లకీ వినిపించి చూశారు. స్పానిష్ వాళ్లు ఇట్టే పట్టేశారు, ఫ్రెంచి వాళ్లు తడబడ్డారు. ఫ్రెంచిలో ఊనికతో మాట అర్థం మారదు, కాబట్టి ఆ చెవికి దాన్ని దాచుకునే అవసరం పడలేదు. మనదీ అదే కథ.

దీర్ఘంతో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, "పాడతాను" అనే మాట కన్-తొ. మొదటి అక్షరం న్‌తో మూసుకుపోయింది. దాన్ని "కాన్తొ" అని లాగితే స్పానిష్ వినేవాళ్లకి వింతగా ఉంటుంది. లాగక్కర్లేదు, లేపితే చాలు.

ఇంకో మనవి. దయచేసి "ఒత్తు" అనొద్దు. మనకి ఒత్తు అంటే అక్షరం కింద రాసేది, ఇక్కడ ఆ ఒత్తుల గొడవ కూడా రాబోతోంది. ఊనిక అందాం. ఊనిక పడే అక్షరం ముందు ^ గుర్తు పెడదాం. అచ్చులన్నీ పొట్టిగానే రాద్దాం. ఫోన్ చేస్తాను ^య-మొ, చేశాడు య-^మొ. పాడతాను ^కన్-తొ, పాడాడు కన్-^తొ.

మాద్రిద్_లత
లాగక్కర్లేదు లేపితే చాలన్నది ఒప్పుకుంటాను. కానీ మొదటి మూడు నెలలు లాగనివ్వండి వాళ్లని. లేపడం ఎలాగో తెలియని మనిషికి లాగడమైనా తెలియాలి. నాకు పని చేసింది కాబట్టి చెప్తున్నాను.

భాషాశోధకి
మూడు నెలలంటే సరే. మా క్లాసులో రెండేళ్లయినా "ఆఆబ్లొ" అనేవాళ్లు ఉన్నారు, అందుకే నా భయం.

పద్యప్రేమి
నాకు స్పానిష్ పెద్దగా రాదు. మనవరాలు నేర్చుకుంటోంది, పక్కన కూర్చుని వింటుంటాను. గణాలు కట్టే అలవాటున్నవాడిగా ఒక సందేహం. "మాట్లాడతాను" అన్న మాటని అబ్-లొ అని విడగొట్టాలా, అ-బ్లొ అనా? మన ఛందస్సులో సంయుక్తాక్షరం ముందున్నది గురువు. ఆ లెక్కన బ్ ముందరి అక్షరానికి పోవాలి.

భాషాశోధకి
ఇలాంటి ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను, పద్యప్రేమి గారూ. స్పానిష్‌లో అది అ-బ్లొ. ప బ ఫ క గ, వీటి తర్వాత ల గాని ర గాని వస్తే ఆ జంట విడిపోదు, రెండూ కలిసి తర్వాతి అక్షరంలోకే వెళ్తాయి. త, ద తర్వాత ర వచ్చినా అంతే. కొనడం కొమ్-^ప్రర్. తెరవడం అ-^బ్రిర్. లోపలికి వెళ్లడం ఎన్-^త్రర్.

మిగతా జంటలు నడిమికి విరుగుతాయి. పాడడం కన్-^తర్, ఖరీదు కావడం కొస్-^తర్. మన లిపి దెబ్బ తీసేది ఇక్కడే. తెలుగులో రాస్తే "కొస్తర్". చూడగానే మనకి కొ-స్తర్ అని రెండు ముక్కలు కనపడతాయి, ఎందుకంటే స్త ఒకే గుంటగా రాసి ఉంది. స్పానిష్ వాళ్లకి ఆ స్ ముందుదానికి చెందుతుంది. ఇక్కడ మీ ఛందస్సు చెవి కరెక్టు, మా లిపి కన్ను తప్పు.

పద్యప్రేమి
భలే ఉంది. ఊది పలకకుండా తేల్చి పలికే రకారపు ఒత్తు ముందున్న అక్షరాన్ని లఘువుగా తీసుకోవడం మనకీ ఉంది. అద్రుచు, విద్రుచు లాంటి చోట్ల చూడండి. అంటే మనవాళ్ల చెవికి కూడా ద్రు విడిపోనట్టు అనిపించిన సందర్భాలు ఉన్నాయన్నమాట. స్పానిష్ వాళ్లు దాన్నే అన్నిచోట్లా పాటించారు.

ఓరుగల్లు_రాజు
మరి స్‌తో మొదలయ్యే జంటలు? రాయడం, ఎదురుచూడడం లాంటివి.

మాద్రిద్_లత
స్పానిష్‌లో ఏ మాటా స్ మీద ఇంకో హల్లుతో మొదలుకాదు. ముందు ఎ వచ్చి తీరాలి. రాయడం ఎస్-క్రి-^బిర్, ఎదురుచూడడం ఎస్-పె-^రర్, బడి ఎస్-^క్వె-ల. మన ఊళ్లో ఇస్కూలు, ఇస్టేషను అంటారు చూడండి, సరిగ్గా అదే పని. నోటికి స్క, స్ట మొదట్లో బరువు, అందుకని ముందో అచ్చు తగిలించి స్‌ని దానికి అప్పగించేస్తాం. మా నాయనమ్మ ఇస్కూలు అంటే మేం దిద్దేవాళ్లం. ఇక్కడికొచ్చాక ఆవిడే గుర్తొస్తుంది. ఒక దేశం దేశమంతా ఆవిడలాగే పలుకుతోంది.

హూస్టన్_అమ్మ
మా అబ్బాయి ఇక్కడ హైస్కూల్లో స్పానిష్ తీసుకున్నాడు. వాడికి సాయం చెయ్యాలని నేనూ కూర్చుంటున్నాను. ఊనిక సంగతి వాళ్ల పుస్తకంలో ఒక మూల ఉంది, ఎవరూ పట్టించుకోరు. వాళ్లని వేధించేది "బూటు క్రియలు". "చెయ్యగలగడం" పొ-^దెర్ అయితే, చెయ్యగలను ^ప్వె-దొ, నువ్వు ^ప్వె-దెస్, అతను ^ప్వె-దె, వాళ్లు ^ప్వె-దెన్. మేం మాత్రం పొ-^దె-మొస్, మీరు పొ-^దెయ్స్. ఏకవచనాలు ఎడమ వరసలో, బహువచనాలు కుడి వరసలో రాస్తే మారిన నాలుగు గళ్ల చుట్టూ గీసిన గీత బూటులా వస్తుంది. మావాడు ఆ బూటుకి లేసులు కూడా గీశాడు. బట్టీ పట్టడమే మార్గం అంటాడు. నిజంగా అంతేనా?

భాషాశోధకి
అస్సలు కాదు. ఆ బూటు అంటే ఊనిక బొమ్మే!

ఆ ఆరు రూపాలనూ పైకి చదివి ఊనిక ఎక్కడుందో చూడండి. నేను, నువ్వు, అతను, వాళ్లు, ఈ నాలుగింటిలో ఊనిక ధాతువు మీద ఉంది. మేం, మీరులో ప్రత్యయం మీదికి జరిగింది. ధాతువు మీద ఊనిక ఉన్నంతసేపూ అందులోని ఒ కాస్తా వె అయింది. ఊనిక పక్కకి జరగ్గానే మళ్లీ మామూలు ఒ.

కారణం లాటిన్‌లో ఉంది. లాటిన్‌లో పొట్టి ఒ, పొట్టి ఎ అనే అచ్చులు ఉండేవి. స్పానిష్ పుట్టే క్రమంలో ఊనిక పడిన చోట పొట్టి ఒ వె అయింది, పొట్టి ఎ యె అయింది. ఊనిక లేనిచోట మారలేదు. క్రియల్లోనే కాదు, అంకెల్లో కూడా చూడొచ్చు. ఏడు ^స్యె-తె, డెబ్బై సె-^తెన్-త. తొమ్మిది ^న్వె-బె, తొంభై నొ-^బెన్-త. డెబ్బైలో ఊనిక తర్వాతి అక్షరానికి జరిగింది, స్యె మళ్లీ సె అయిపోయింది. వెనెజువేలా దేశం పేరు బె-నె-^స్వె-ల, అందులో వె ఉంది, ఆ దేశస్థుడు బె-నె-సొ-^ల-నొ అయ్యేసరికి లేదు.

బాబుకి చెప్పండి, బట్టీ పట్టేది బూటుని కాదు. పొ-^దె-మొస్ అన్నప్పుడు ఊనిక దె మీదికి పోతోందని నోటితో పట్టుకుంటే, పొ దానంతటదే ప్వె కాకుండా ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఒ, ఎ ఉన్న క్రియలన్నీ ఇలా మారవు. తినడం కొ-^మెర్, తింటాను ^కొ-మొ, అంతే. ఏవి మారతాయో మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎక్కడ మారతాయో ఊనిక చెప్తుంది.

హూస్టన్_అమ్మ
ఇప్పుడే వాడికి చదివి వినిపించాను. డెబ్బై, తొంభై దగ్గర ఆగి "మళ్లీ చదువమ్మా" అన్నాడు. వాడు మళ్లీ చదవమనడం చాలా రోజుల తర్వాత విన్నాను.

బ్వేనోస్_బాబ్జీ
అర్జెంటీనాలో నాలుగేళ్లు చేశాను. అక్కడికి వెళ్తే మీ బూటులో ఒక గడి ఊడిపోతుంది. "నువ్వు" అనడానికి వాళ్లు తు అనరు, బొస్ అంటారు. దానికి క్రియలో ఊనిక చివర పడుతుంది. నువ్వు చెయ్యగలవు అంటే పొ-^దెస్. భాషాశోధకి గారు చెప్పింది ఎంత నిజమో చూడండి. ఊనిక ధాతువు మీది నుంచి దిగింది కాబట్టి ప్వె మాయం. మాట్లాడతావు అంటే అ-^బ్లస్. ఇలా రా అనడానికి బె-^ని. స్పెయిన్‌లో, మెక్సికోలో అదే మాట ^బెన్.

నాకు ఇదే సులువుగా ఉండేది. ఆ నువ్వు రూపంలో మాటకి మాట మారే గొడవ లేదు.

మాద్రిద్_లత
మాకు "మీరు" అని స్నేహితుల గుంపుని పిలవడానికి వేరే రూపం ఉంది, అ-^బ్లయ్స్ అని. మీ రూపం చూస్తే దీనికి తమ్ముడిలా ఉంది.

బ్వేనోస్_బాబ్జీ
తమ్ముడే. పాతకాలంలో బొస్ ఒక్క మనిషిని గౌరవంగా పిలిచే మాట, మన మీరు లాగా. క్రియ కూడా బహువచనంలోదే. ఇప్పుడక్కడ గౌరవం అరిగిపోయి చనువు మిగిలింది. మన నువ్వు, మీరు తెలిసినవాళ్లకి ఈ లెక్క అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టదు.

కృష్ణాతీరం
ఇన్ని వచ్చాయి, ఒక్కొక్కటీ రెండుసార్లు చదివాను. బూటు సంగతి నాకు ఏ టీచరూ చెప్పలేదు. ఒక సందేహం. జరిగిపోయినదంటే ఊనిక చివర అని పట్టుకోవచ్చా? య-^మొ, అ-^బ్లొ, కన్-^తొ అన్నీ చివరే కదా.

మాద్రిద్_లత
వద్దు! నేను ఈ గోతిలోనే పడ్డాను. రోజూ వాడే క్రియలే మాట వినవు. (ఏదైనా పని) చేశాడు ^ఇ-సొ (మెక్సికోలో ఇలా, మా దగ్గర సొ బదులు నాలుక పళ్ల మధ్య పెట్టి థొ లాంటి శబ్దం). చెప్పాడు ^ది-హొ. వచ్చాడు ^బి-నొ. పెట్టాడు ^పు-సొ. అతని దగ్గర ఉండింది ^తు-బొ. వీటిలో ఊనిక ధాతువు మీదే, పైన గీత ఉండదు. పద్ధతిగా నడిచే క్రియలకి మాత్రం మీ సూత్రం సరిపోతుంది. అది కూడా నేను, అతను రూపాలకే. వాళ్లు మాట్లాడారు అంటే అ-^బ్ల-రొన్, చివర కాదు.

ఓరుగల్లు_రాజు
ఇంకో జత నన్ను చంపుతోంది. మాట్లాడతాడు (రేపు) అ-బ్ల-^ర. మాట్లాడి ఉంటే, అన్నదానికి అ-^బ్ల-ర. ఒకటి మాట ఇవ్వడం, ఒకటి ఊహ. కాంట్రాక్టు విషయంలో ఇది తారుమారైతే కొంప మునుగుతుంది.

భాషాశోధకి
రేపటి రూపంలో ఊనిక ఎందుకు చివర పడుతుందో తెలిస్తే మరిచిపోరు. అది ఒకప్పుడు రెండు మాటలు. "మాట్లాడడం" అ-^బ్లర్, దాని పక్కన "కలదు" లాంటి సహాయక క్రియ ^అ. మాట్లాడవలసి ఉంది అన్నట్టు. రెండూ అతుక్కుపోయి అ-బ్ల-^ర అయింది. ఊనిక ఆ రెండో మాటది. మనకి చేస్తూ ఉన్నాను కాస్తా చేస్తున్నాను అయినట్టే. అందుకే రేపటి రూపాల్లో చాలావాటికి ముందు భాగం ఆ క్రియ పేరు పూర్తిగా కనపడుతుంది.

స్పానిష్ క్రియని మనం తెలుగు క్రియని విప్పినట్టు విప్పొచ్చు. "మేం మాట్లాడుతుండేవాళ్లం" అ-^బ్ల-బ-మొస్. అబ్ల్ ధాతువు, అ ఏ గుంపు క్రియో చెప్పే అచ్చు, బ గతంలో సాగిన పని, మొస్ మేం. మన చేస్తా-ను, చేస్తా-వు, చేస్తా-రు లాగే మనిషి చివర్లో ఉంటాడు. అందుకే వాళ్లూ నేను, నువ్వు అని ప్రతిసారీ అనరు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునే వాళ్లు ప్రతి వాక్యానికీ యొ, యొ అంటుంటారు. మనం తెలుగు మీదుగా వెళ్తే ఆ తిప్పలు లేవు. ఒక్కటే తేడా, అతను ఆమె రెండిటికీ క్రియ ఒకటే.

ఇప్పుడు విప్పిన ముక్కలనీ అక్షరాలనీ పక్కపక్కన పెట్టి చూడండి. ముక్కలు అబ్ల్-అ-బ-మొస్. అక్షరాలు అ-బ్ల-బ-మొస్. ధాతువు ఆగేచోటు, నోరు ఆగేచోటు ఒకటి కాదు. వ్యాకరణం పుస్తకంలో గీతలు చూసి అక్కడ ఆగి పలకడం వల్ల చాలామందికి ఊనిక చెడుతోంది.

పద్యప్రేమి
రాముడు + అతడు = రాముడతడు. ప్రత్యయం, సంధి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ముక్క ఒకచోట తెగుతుంది, పలుకు ఇంకోచోట తెగుతుంది.

మాద్రిద్_లత
సంధి అంటే గుర్తొచ్చింది. మాటల మధ్య కూడా వీళ్లు కలిపేస్తారు. "మాట్లాడబోతున్నాడు" అన్నది మూడు మాటలు, బ అ అబ్లర్. వేగంగా అంటే బ-^బ్లర్, రెండే అక్షరాలు. ఏమి + అంటివి ఏమంటివి అయినట్టు. కొత్తలో నాకు ఆ మధ్య మాట వినపడేదే కాదు.

తబలా_సుబ్బు
సిద్ధాంతం బాగుంది. నేను సాధన చెప్తాను.

తెలుగువాళ్ల నోట నేను ముందు దిద్దేది ఊనికని కాదు, చివర చేరే ఉకారాన్ని. మనకి కారు, బస్సు, పేపరు అని హల్లు చివర ఉ పెట్టే అలవాటు. దాంతో అ-^బ్లర్ కాస్తా "అబ్లరు" అవుతుంది. ఒక అక్షరం పెరిగింది. రెండు దెబ్బలు పడాల్సిన చోట మూడు పడుతున్నాయి. తాళమే తప్పాక ఊనిక ఎక్కడ నిలుస్తుంది? ర్ దగ్గర నాలుకని ఆపి వదిలెయ్యండి, పెదాలు గుండ్రం చెయ్యకండి. అద్దం ముందు చూసుకుంటే పెదాలే చెప్తాయి.

తర్వాత, చేత్తో తొడ మీద దెబ్బ వెయ్యండి. అక్షరానికి ఒకటి, అన్నీ సమంగా. ఊనిక ఉన్న చోట దెబ్బ గట్టిగా, ఆ దెబ్బతోపాటు గడ్డం కాస్త పైకి. మాట పలకొద్దు మొదట. త-^త, ^త-త, త-^త. చెయ్యి నేర్చుకున్నాక నోరు దాని వెంట వస్తుంది. ఈ మూడు మాటలతో చెయ్యండి.

^తెర్-మి-నొ: గడువు, హద్దు.
తెర్-^మి-నొ: ముగిస్తాను.
తెర్-మి-^నొ: ముగించాడు.

మూడు దెబ్బలు, గట్టి దెబ్బ ఒక్కో మెట్టు జరుగుతుంది. రోజూ ఐదు నిమిషాలు. ఒకే మాటలో మూడు అర్థాలూ చేతికి తగులుతాయి.

ఓరుగల్లు_రాజు
సుబ్బన్నా, ఇప్పుడే బస్సులో చేశాను. పక్క సీటాయన "ఏ పాట తమ్మీ" అని అడిగాడు.

కృష్ణాతీరం
ఉ సంగతి నిజమే! నా రికార్డింగులు మళ్లీ విన్నాను. ప్రతి క్రియ పేరు చివరా చిన్న ఉ ఉంది. ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ.

హూస్టన్_అమ్మ
గీత ఎక్కడ పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి. మావాడు తోచినచోట పెడుతున్నాడు.

మాద్రిద్_లత
ఆ గీతని తిల్దే అంటారు. మాట అచ్చుతో గాని, న్, స్‌తో గాని ఆగితే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద. వేరే హల్లుతో ఆగితే చివరి అక్షరం మీద. ఈ లెక్క తప్పిన మాటకే తిల్దే. అంటే తిల్దే కనపడితే, "ఇక్కడ లెక్క తప్పింది, నన్ను చూసి పలుకు" అని అర్థం. చివరి నుంచి మూడో అక్షరం మీదో ఇంకా వెనకో ఊనిక ఉంటే క్రియల్లో ఎప్పుడూ పెట్టాల్సిందే. అందుకే అ-^బ్ల-బ-మొస్ మీద ఉంటుంది.

చెప్పండి ^ది-గ, దీనికి తిల్దే లేదు. నాకు అది చెప్పండి ^ది-గ-మె-లొ, దీనికి ఉంది. నాకు, అది అనే రెండు మాటలూ వెనక అతుక్కున్నాయి, ఊనిక మాత్రం ఉన్నచోటే ఉంది.

బ్వేనోస్_బాబ్జీ
వాట్సాప్‌లో అర్జెంటీనా వాళ్లు సగంమంది పెట్టరు. నేనూ మానేశాను. పెద్ద పట్టింపు అక్కర్లేదు.

మాద్రిద్_లత
ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను, బాబ్జీ గారూ. వాళ్లు పెట్టకపోయినా వాళ్ల చెవిలో ఉంది. మనకి చెవిలో లేదు, కాగితం మీద కూడా తీసేస్తే ఇంకెక్కడ మిగులుతుంది? పైగా బిల్లుల మెయిల్లో కట్టాడో కడతానో తిల్దే ఒక్కటే చెప్తుంది. రాజు గారి రెండు రోజుల టెన్షన్ చదివారుగా. ఫోన్‌లో ఒ మీద వేలు నొక్కి పట్టుకుంటే గీత ఉన్న ఒ వస్తుంది, అంతకన్నా శ్రమ లేదు.

బ్వేనోస్_బాబ్జీ
ఆఫీసు మెయిల్ అయితే మీ మాటే. నేర్చుకునేవాళ్లకి కూడా మీ మాటే. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

భాషాశోధకి
తిల్దే నియమాలు కూడా మారుతూ వచ్చాయి, పాత పుస్తకాలు చదివేవాళ్లు తికమక పడొద్దు. వెళ్లాడు ఫ్వె, ఇచ్చాడు ద్యొ, చూశాడు బ్యొ, వీటి మీద పూర్వం తిల్దే ఉండేది. స్పానిష్ రాయల్ అకాడమీ 1952లో తెచ్చిన కొత్త నియమాలతో అది పోయింది. ఒకే అక్షరం ఉన్న మాటలో ఊనిక ఇంకెక్కడికి పోతుంది కనక.

మాద్రిద్_లత
కువెస్తా దె మొయానో అని ఇక్కడ పాతపుస్తకాల వీధి ఉంది, చెక్క దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడ కొన్న ఒక పాత పుస్తకంలో ప్రతి ఫ్వె మీదా గీత చూసి అచ్చుతప్పులు అనుకుని పెన్సిల్‌తో కొట్టేశాను. సగం పుస్తకం అయ్యాక మా ఇంటి యజమానురాలు చూసి చెప్పింది. ఆ పెన్సిల్ గీతలన్నీ మళ్లీ చెరిపాను.

కొత్తగా_చేరాను
ఎమ్-^బ్యర్ (పంపడం)కి "పంపుతాను" ఎమ్-^బి-ఒ, మూడు అక్షరాలు. కమ్-^బ్యర్ (మార్చడం)కి "మారుస్తాను" ^కమ్-బ్యొ, రెండే. రెండూ ఒకేలా ఆగే క్రియలు కదా, ఎందుకీ తేడా?

భాషాశోధకి
ఇక్కడ నమ్మదగిన సూత్రం లేదు. ఇ-అర్‌తో ఆగే క్రియల్లో కొన్ని పంపడం దారిన, కొన్ని మార్చడం దారిన పోతాయి. చదవడం, శుభ్రం చెయ్యడం, కాపీ కొట్టడం మార్చడం దారి. నమ్మడం, స్కీయింగ్ చెయ్యడం పంపడం దారి. ఒక్కొక్కదానికీ "నేను" రూపం కలిపి నేర్చుకోండి. ఉ-అర్ వాటికి కాస్త నయం. ముందు క, గ లేకపోతే విడిపోతాయి. కొనసాగిస్తాను కొన్-తి-^ను-ఒ.

అలాగే నిషేధించడం ప్రొయ్-^బిర్, నిషేధిస్తున్నాను ప్రొ-^ఇ-బొ. ఊనిక ఇ మీద పడగానే ఒక అక్షరం రెండైంది. ఊనిక ఎక్కడుందో తేల్చుకోకుండా అక్షరాలు లెక్కపెట్టలేం. ముందు అక్షరాలు విడగొట్టి తర్వాత ఊనిక పెట్టాలని చాలామంది నేర్పుతారు. ఈ క్రియల దగ్గర రెండూ ఒకేసారి చూడాలి.

కొత్తగా_చేరాను
అర్థమైంది. చీటీల మీద రెండు రూపాలూ రాసుకుంటాను.

కృష్ణాతీరం
పదకొండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను.

సుబ్బు గారి దెబ్బలు రోజూ వేశాను, ఆఫీసు క్యాబ్‌లో బ్యాగు మీద. మొదటి నాలుగు రోజులు ఏమీ తేడా తెలియలేదు. ఐదో రోజు తెర్-^మి-నొ, తెర్-మి-^నొ నా చేతికి వేరయ్యాయి, చెవికి ఇంకా కాలేదు. నిన్న మా టీచర్‌ని అడిగాను, ^య-మొ, య-^మొ కలగాపులగంగా ఇరవైసార్లు చెప్పమని. నేను చేస్తాను, చేశాడు అని రాశాను. పదిహేడు సరిపోయాయి. తప్పిన మూడూ వాక్యం మధ్యలో వేగంగా చెప్పినవి. మొన్నటిదాకా ఇరవైకి ఇరవై ఒకేలా వినపడిన చెవి ఇది. టీచర్ ముందే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఒకటి గమనించాను. "చేశాడు" అన్నప్పుడు ఆవిడ చివరి ఒ పొడుగ్గా లేదు. లత గారి దీర్ఘం కోసం వెతికినంతసేపూ నాకు దొరకలేదు. గొంతు మెట్టెక్కడం కోసం విన్నాక దొరికింది. లత గారికి దీర్ఘం పని చేసింది, నాకు చెయ్యి పని చేసింది.

ఇవాళ కాల్‌లో ఆ మేడమ్‌తోనే మాట్లాడాను. సప్లయర్ ఫోన్ చేశాడని చెప్పాను. ఆవిడ "ఎప్పుడు?" అని అడిగారు. "ఎప్పుడు చేస్తావు" అని కాదు, "ఎప్పుడు చేశాడు" అని. ఆ క్వన్-దొ య-^మొ నాకు స్పష్టంగా వినపడింది.

తబలా_సుబ్బు
పదిహేడు చాలా మంచి లెక్క, తమ్ముడూ. ఇక నాలుగు దెబ్బల మాటలకి రా. ^ది-గ-మె-లొ.

హూస్టన్_అమ్మ
మావాడు మీ ఇరవైసార్ల పరీక్ష నాకు పెట్టాడు. పన్నెండు వచ్చాయి. రేపు మళ్లీ పెడతానన్నాడు.